బూరుగు కింద పావుగంట
వసంతమంటే మనకు ఉగాది పచ్చడి, అందులోకి వేపపువ్వేమో బజారులో పొట్లం కట్టించుకొస్తాం. ఆదివారం పొద్దున్నే పక్షులను చూసే నడక ఉందంటే పిల్లల్ని పార్కు గేటు దగ్గర దించి, బండి మీదే ఫోన్ చూసుకుంటూ కూర్చునే నాన్నలే ఎక్కువ (నేనూ ఆ బాపతు వాణ్ణే). అసలు ఆ నడక పెద్దలకే ఎక్కువ అవసరమని నా వాదన. ఫిబ్రవరిలో ఒక్క ఆకూ లేని బూరుగు కింద నిలబడి తలెత్తండి: దళసరి ఎర్రపూలలో తేనె కోసం గోరింకలు, కాకులు, తేనెపిట్టలు, మధ్యలో దూరే ఉడత, అంతా ఒకటే తగువు. ఆ నెలలోనే నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు మన నుంచి అడిగేది కనీసం పావుగంట. మేడ మీంచి లెక్కపెట్టినా చెల్లుతుంది. సీజన్‌వాచ్ అనే చెట్ల పరిశీలన కార్యక్రమం మరీ సులువు. వీధిలో ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి దాని చిగురు, పూత, కాయ నమోదు చేయడమే. డీజే మోతల మధ్య రిసార్టువాళ్లు అమ్మే ‘ప్రకృతి శిబిరం’ కన్నా ఇది నయం, పైగా ఉచితం. మా వీధి చివర కానుగ ఈ వారమే ఆకు రాల్చింది. కొత్త చిగురు ఉగాదికి వస్తుందని నేను, ముందే వస్తుందని మా అమ్మాయి పందెం వేసుకున్నాం.