పెన్‌డ్రైవ్ పెట్టినా రూటు పాస్‌వర్డేనా?

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర మా మామకు జిరాక్స్ షాపుంది. పిల్లోళ్ల పెన్‌డ్రైవుల నిండా వైరస్‌లేనని నేనే లైనక్స్ ఎక్కించాను. పెట్టగానే డ్రైవు తెరుచుకునేది, ప్రింటు పడేది. అంతలో కడప నుంచి వచ్చిన మా సీనియరొకాయన "ఆటోమౌంటా? అపాయం!" అని దాన్ని ఆపేసి, అప్పుడు పెట్టివున్న పెన్‌డ్రైవుకు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక లైను రాసిపోయాడు. మర్నాడు మామ ఫోను: "అల్లుడూ, నల్లతెర పడింది, లేయనంటాంది."

లేవదు మరి! ఆ లైన్లో నోఫెయిల్ లేదు. డ్రైవు కనబడకపోతే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. ఎవడో పిల్లోడు తన పెన్‌డ్రైవు తాను జేబులో వేసుకుని పోతే షాపు మూతపడాలా?

ఈ గురువుల భయమంతా విండోస్ నుంచి మోసుకొచ్చింది. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ పెన్‌డ్రైవుల మీద పాకింది ఆటోరన్ పుణ్యాన. 2011లో మైక్రోసాఫ్టే పాత విండోస్‌లకు అప్‌డేట్ ఇచ్చి దాన్ని ఆపింది. అది ఆటోరన్ సారూ, ఆటోమౌంట్ కాదు! తలుపు తీయడం వేరు, వచ్చినోడు చెప్పినట్టల్లా ఆడటం వేరు. డెస్క్‌టాప్‌లో యుడిస్క్స్ మౌంట్ చేసేటప్పుడు నోఎస్‌యూఐడీ, నోడెవ్ తగిలించే చేస్తుంది. మీరు చేత్తో కొట్టే సుడో మౌంట్‌కి అవి ఎన్నిసార్లు పెట్టారో చెప్పండి?

ఫైల్‌సిస్టమ్ డ్రైవర్లలో బగ్గులుంటాయంటారు. ఉంటాయి. చేత్తో మౌంట్ చేస్తే ఆ బగ్గు మొహమాటపడి ఆగిపోతుందా? సర్వర్లలో, లాక్ వేసిన తెర దగ్గర ఆపుకోండి, కాదనను. జిరాక్స్ షాపులో ఎందుకు?

ఆ లైను తీసేయడానికి కర్నూలు బస్సెక్కాను. నేను దిగేలోపే మామ పక్క షాపోడితో దొంగ విండోస్ వేయించేసుకున్నాడు.