గడువు ఒక్క పక్షమునకేనా?

న్యాయవాద వృత్తియందున్నవారికి కాలపరిమితి శాసనముకంటె కఠినమైన శాసనము వేఱొకటి కానరాదు. ఎంత న్యాయమైన హక్కైనను గడువు దాటెనా, కోర్టు తలుపు మూసికొనును. అయినను 1963వ సంవత్సరపు ఆ శాసనములోనే యొక ధర్మము కలదు. అప్పీలు చేసికొనదలచినవాడు తీర్పు నకలునకు దరఖాస్తు పెట్టినచో, ఆ నకలు సిద్ధమగుటకు పట్టిన దినములను 12వ సెక్షను ప్రకారము గడువునుండి మినహాయింతురు. గడువు ముగియు దినమున కోర్టు మూసియున్నచో మరల తెఱచిన దినమున దాఖలు చేసికొనవచ్చును. కచ్చేరి చేసిన ఆలస్యమునకు కక్షిదారు శిక్ష ననుభవింపరాదనుట దీని భావము. చిన్న పట్టణపు సివిలు కోర్టులో సయితము చెల్లుచున్న యీ సామాన్య ధర్మము మన విశ్వవిద్యాలయములలో, విద్యకు శిఖరమని మనము చెప్పుకొను పరిశోధన శాఖలలో, చెల్లకుండుటయే నేడు మేము ప్రస్తావింపదలచిన విషయము.

కొలది మాసముల క్రిందట నొక సోదరి మా కచ్చేరికి వచ్చినది. చేనేత కుటుంబమున బుట్టినది. ఆ యింట మొదటి పట్టభద్రురాలు. రాయలసీమ చెఱువుల చరిత్రమును గూర్చి ఐదేండ్లకు పైగా శ్రమించి సిద్ధాంత గ్రంథమును సమర్పించినది. అంతట ఆమె శ్రమ ముగిసినదని మనము తలంతుము. నిజమునకు అప్పుడే మొదలైనది. పరిశీలకుల పేర్ల పట్టిక యొక బల్లమీదనుండి మఱియొక బల్లమీదికి పోవుటకు ఐదు మాసములు పట్టెను. గ్రంథము పరిశీలకునికి పంపబడెనో లేదో చెప్పువారు లేరు. ఈలోపల పట్టము కావలసిన యొక ఉద్యోగమునకు ప్రకటన వచ్చి, దాని గడువును దాటిపోయినది. ఆమె చేతిలోని కట్టలో పదునాలుగు దరఖాస్తుల నకళ్లుండెను. వానిలో నొక్కదానికైనను తేదీ వేసిన రసీదు లేదు. "వ్యాజ్యము వేయుదమా, అమ్మా?" యని యడిగితిమి. "వద్దండీ. నా కాగితములు వారి చేతిలోనే యున్నవి గదా!" యనెను. ఆ విశ్వవిద్యాలయము పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. పేరు మార్చినంతమాత్రమున కథ మారదు.

నియమములు లేకనా యీ దుస్థితి? కాదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు పరిశోధన పట్టమునకు కనీస నియమములను మొదట 2009లోను, పిమ్మట 2016లోను, తరువాత 2022 నవంబరులోను ప్రకటించిరి. ఈ కడపటి నియమముల ప్రకారము పరిశోధన కాలము మూడేండ్లకు తక్కువ గాని ఆరేండ్లకు ఎక్కువ గాని కారాదు. పునర్నమోదు పేర మఱి రెండేండ్లు పొడిగింపవచ్చును. స్త్రీలకును, నలువదిపాళ్లకు మించిన అంగవైకల్యము గలవారికిని అదనముగా రెండేండ్లు కలవు. స్త్రీలకు 240 దినములవఱకు ప్రసూతి సెలవును కలదు. ఒక ప్రొఫెసరు ఎనమండుగురికి, అసోసియేటు ప్రొఫెసరు ఆఱుగురికి, అసిస్టెంటు ప్రొఫెసరు నలుగురికి మించి మార్గదర్శకత్వము వహింపరాదు. పదవీ విరమణకు మూడేండ్లలోపున్న ఆచార్యుడు క్రొత్త శిష్యులను చేర్చుకొనరాదు. ఇవి ఆలోచించి వ్రాసిన నియమములే; వీనిని మేము నిందింపము.

అయితే న్యాయవాది కన్ను నియమమునకంటె దాని యుల్లంఘనకు విధింపబడిన ఫలముమీదికి ముందుగా పోవును. విద్యార్థి తన కాలపరిమితిని దాటెనేని నమోదు రద్దగును. ఏండ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరగును. గ్రంథము సమర్పింపబడిన ఆఱు మాసములలోపల పరిశీలనమును, మౌఖిక పరీక్షయు, ఫలిత ప్రకటనయు ముగియునట్లు తగిన పద్ధతులను విశ్వవిద్యాలయము ఏర్పఱచుకొనవలెనని అదే నియమావళి చెప్పుచున్నది. ముగియనిచో? ఆ ప్రశ్నకు సమాధానము లేదు. ఒక పక్షమునకు విధింపబడిన గడువు ఆజ్ఞ. రెండవ పక్షమునకు విధింపబడినది హితోపదేశము. ఒక్క పత్రముమీద నిట్లు రెండు తూనికలు తూచుట ధర్మమగునా?

ఈ వ్యాధి నేటిది కాదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు 1857లో స్థాపింపబడినప్పుడు లండను విశ్వవిద్యాలయము నమూనాను ననుసరించి కేవలము పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థలుగా నేర్పడినవి. వానికి తరగతి గదులు లేవు, ప్రయోగశాలలు లేవు. రిజిస్ట్రారు కలడు, రుసుములు కలవు, ఫలితముల పట్టికలు కలవు. బోధించుటకు వానికి స్పష్టమైన అధికారము వచ్చినది 1904వ సంవత్సరపు శాసనముతోనే. అనగా మన దేశములో విశ్వవిద్యాలయపు కచ్చేరి ముందు పుట్టినది. విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అర్ధశతాబ్దము తరువాత పుట్టినాడు. పెద్దవాడనను పెత్తనము ఆ కచ్చేరి యిప్పటికిని విడువలేదు. గ్రంథమును చదువువాడు అతిథివలెను, దానికి నంబరు వేయువాడు యజమానునివలెను మెలగుటకు మూలమిచ్చట నున్నది.

ఈ క్రమమును తలక్రిందులు చేయ సాహసించిన మహనీయుడు సర్ ఆశుతోష ముఖర్జీ. ఆయన కలకత్తా హైకోర్టులో న్యాయమూర్తిగా నుండుచునే 1906 నుండి 1914 వఱకు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పని చేసెను. 1917లో ఆ విశ్వవిద్యాలయమున ఎం.ఏ., ఎం.ఎస్‌సి. బోధనమంతయు విశ్వవిద్యాలయమే స్వయముగా నిర్వహించునట్లు ఏర్పాటు జరిగినది. కళలకొకటియు, విజ్ఞానశాస్త్రములకొకటియు రెండు పోస్టుగ్రాడ్యుయేటు కౌన్సిళ్లు వెలసినవి. వానిలో పాఠము చెప్పు ఆచార్యులకే ప్రధాన స్థానము. ఏమి బోధింపవలెను, ఎవరు బోధింపవలెను, ఎట్లు పరీక్షింపవలెనను విషయములను బోధించువారే చర్చించిరి. తారకనాథ పాలిత్, రాసబిహారీ ఘోష్ అను న్యాయవాదు లిరువురి దానములతో విజ్ఞాన కళాశాల లేచినది. చంద్రశేఖర వేంకటరామన్ గారు 1917లో ప్రభుత్వోద్యోగమును విడిచి యచ్చట పాలిత్ ఆచార్యపీఠము నలంకరించిరి. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ విశ్వవిద్యాలయమునకే తత్త్వశాస్త్రాచార్యులై పోయిరి. 1922లో ప్రభుత్వము షరతులతో ధనమీయజూపగా, ఆ షరతులు విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యమునకు భంగకరములని ఆశుతోషుడు తిరస్కరించెను. స్వాతంత్ర్యమనగా ఆయన దృష్టిలో ఆచార్యునికిని విద్యార్థికిని గల స్వాతంత్ర్యము గాని, దస్త్రమును త్రొక్కిపట్టువాని స్వాతంత్ర్యము గాదు.

ఆ వెలుగు మన యాంధ్రమునకు రాకపోలేదు. 1926లో బెజవాడయందు కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలరుగా నారంభమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలినది. 1931 నుండి 1936 వఱకు రాధాకృష్ణన్ గారు దాని భారమును వహించిరి. సూరి భగవంతము గారు 1932లో భౌతికశాస్త్రమునకును, తిరువెంగడం రాజేంద్ర శేషాద్రి గారు 1933లో రసాయనశాస్త్రమునకును వచ్చి, యీ సముద్రతీరమున పరిశోధనమునకు పునాదులు వేసిరి. నాటి వాల్తేరులో భవనములు తక్కువ, పరికరములు తక్కువ, ధనము మఱింత తక్కువ. ఆచార్యుడు ముందును కచ్చేరి వెనుకను నడచుటయే నాటి సంపద. నేడు భవనములు పెరిగినవి. ఆ క్రమము మాత్రము మఱల తిరుగబడినది.

కచ్చేరి తప్పునకు విద్యార్థి మూల్యము చెల్లించుటకు దృష్టాంతములు కోరువారు 2024వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఆ సంవత్సరమే పరిశోధనలో ప్రవేశమునకు జాతీయ అర్హతా పరీక్షను ద్వారముగా నిర్ణయించిరి. జూను 18వ తేదీన తొమ్మిది లక్షలకు పైగా నభ్యర్థులు ఆ పరీక్ష వ్రాసిరి. మఱునాడే అది రద్దయినది. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో తిరిగి వ్రాయవలసి వచ్చినది. రద్దు చేయుటకు కారణముండెననియే యనుకొందము. దూరపు పట్టణములకు పోయి వ్రాసినవారి ప్రయాణవ్యయము నెవ్వరిచ్చిరి? పోయిన వేసవి నెవ్వరు తిరిగి యిచ్చిరి?

ధనవిషయమును చూతము. జాతీయ పరీక్షలో ఫెలోషిప్పు గెలిచిన పరిశోధకునికి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయింపబడినవి. అది లేక కేంద్ర విశ్వవిద్యాలయములలో చదువువారికిచ్చు సహాయము నెలకు 8,000 మాత్రమే. 2015లో దానిని సయితము నిలిపివేయ బూనగా ఢిల్లీలో విద్యార్థులు వీధి కెక్కి నిలుపుకొనిరి. మొదటి వర్గమువారి మొత్తము 2023లో పెరిగినప్పుడును ఈ 8,000 కదలలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఏ ఫెలోషిప్పును లేనివానికి ఆ మాత్రమును లేదు. అట్టివానికి ఐదు మాసముల ఆలస్యమనగా ఐదు మాసముల గది అద్దె, ఐదు మాసముల భోజనము, ఇంటికి పంపలేని ఐదు మనియార్డర్లు. బల్లమీద నిద్రించు ఫైలు ఎవ్వరి యన్నమును తినుచున్నదో ఆ బల్లయొద్ద కూర్చున్నవారు తెలిసికొనవలెను.

మా మాటకు ఆక్షేపణలు రాగలవు. సిబ్బంది చాలరందురు. నిజమే. ఉభయ రాష్ట్రముల విశ్వవిద్యాలయములలోను ఆచార్యపదవులు ఏండ్ల తరబడి నిండక, ఒప్పంద ఉపాధ్యాయులతో కాలము గడుపవలసి వచ్చినది. గుమాస్తాలలో ననేకులు చాలీచాలని వేతనములమీద పని చేయుచున్నారు. వారిని దూషించుట మాకు సమ్మతము గాదు. కాని, సిబ్బంది కొఱతను నింపవలసినవారు ప్రభుత్వమును విశ్వవిద్యాలయమును. తమ లోపమును తామే కారణముగా జూపి యెదుటిపక్షమును శిక్షించుట ఏ న్యాయస్థానమునందును చెల్లదు. తొందరపడినచో దొంగ గ్రంథములు పట్టములు గొట్టునని మఱికొందఱందురు. పరిశీలనము కఠినముగా నుండవలసినదే. ఇతరుల వ్రాతను తనదని చూపినవానికి పట్టమీయరాదు. అయితే బల్లమీద దుమ్ము పట్టిన దినములు పరిశీలన దినములు గావు. విద్యార్థులలోను అలసులు కలరు. శిష్యులచేత సొంత పనులు చేయించుకొను గురువులును కలరు. వారినందఱిని పట్టుకొనుటకు సయితము తేదీలు వేసిన లెక్కయే సాధనము.

కనుక మేము కోరునవి నాలుగే. మొదటిది, పరిశోధక విద్యార్థి ఇచ్చిన ప్రతి కాగితమునకును తేదీతో గూడిన రసీదు ఈయవలెను. ఆ కాగితము నేడెవ్వరియొద్ద నున్నదో అతనికి తెలియవలెను. రెండవది, విశ్వవిద్యాలయమువలన గలిగిన ఆలస్యపు దినములను విద్యార్థి కాలపరిమితినుండి మినహాయింపవలెను. ఫెలోషిప్పు గలవానికి ఆ దినములకు దానిని చెల్లింపవలెను. మూడవది, నిర్ణీత దినములలో పరిశీలకుని నివేదిక రానిచో, ఎవ్వరును అర్జీ పెట్టుకొనకయే మఱియొక పరిశీలకుని నియమింపవలెను. నాలుగవది, పరిశోధనశాఖ పరిపాలనము ఆచార్యుల మండలి చేతిలో నుండవలెను; అందు పరిశోధక విద్యార్థుల ప్రతినిధులును కూర్చుండవలెను. ఎందఱు చేరిరి, ఎందఱు సమర్పించిరి, సమర్పణమునుండి ఫలితమువఱకు ఎన్ని దినములు పట్టెనను లెక్కను ఆ మండలి ఏటేట ప్రకటింపవలెను. మొదటి మూడింటికి క్రొత్త భవనమక్కఱలేదు, క్రొత్త శాసనమును అక్కఱలేదు. సిండికేటు తలచినచో నొక్క తీర్మానము చాలును. నాలుగవదానికి కొంత ధైర్యము కావలెను.

ఇది పట్టభద్రుల గొడవ, మనకేమియని పఠనమందిరములలో నీ పత్రికను చదువు సోదరులు తలంపరాదు. విశ్వవిద్యాలయము మన పన్నులమీద నిలిచినది. రేపు మన పిల్లలకు పాఠము చెప్పవలసినవారు నేడు ఆ వరండాలలో నిలుచుండి యున్నారు. మీ యూరినుండి పరిశోధనకు పోయిన విద్యార్థిని పిలిచి, అతని కాగితము లెక్కడ నున్నవో యడుగుడు. శాసనసభ్యుడు మీ యూరు వచ్చినప్పుడు పై నాలుగు కోరికలను అతని ముందుంచుడు. సమాచార హక్కు శాసనము 2005 నుండి మన చేతిలో నున్నది. ఒక్కొక్క విశ్వవిద్యాలయమున ఒక్కొక్క గ్రంథమునకు ఎన్ని దినములు పట్టుచున్నదో దానిక్రింద నడుగవచ్చును. అట్టి దరఖాస్తులను వ్రాసి యిచ్చుటకు మేమును, మా వృత్తిలోని కొందఱు మిత్రులును సిద్ధముగా నున్నాము. ఇందులకు రుసుము లేదు.

ఆ సోదరి గ్రంథము ఈ వ్రాత వ్రాయు దినమునకు ఇంకను పరిశీలకునియొద్దనే యున్నది. చెఱువుల తూములు ఎట్లు పూడిపోయినవో, వానిని నిర్వహింపవలసినవారు కాలక్రమమున వానినెట్లు మఱచిరో ఆమె అందు వ్రాసినది. దానిని మొదట చదువవలసినది పరిశీలకుడు కాదేమో యని మాకు తోచుచున్నది.