పాదలేపం పూసుకున్న కెమెరాలు

అక్టోబరు నెల, పొద్దున ఆరున్నర. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో బటర్‌మియర్ సరస్సు ఒడ్డు. అక్కడొక ఒంటరి చెట్టుంది, లోకమంతా ఫొటో తీసిన చెట్టు. దాని ముందు నాకన్నా ముందే ఏడు ట్రైపాడ్‌లు నిలబడి ఉన్నాయి. ఎనిమిదోది నాది. వెలుగొచ్చిన పది నిమిషాలకే వెనకనుంచి ఒకాయన చాలా మర్యాదగా, "మీది అయిపోయిందా?" అని అడిగాడు. తిరుమలలో "జరగండి, జరగండి" అనే మాట వినపడినట్టే అయింది. జరిగాను. ఎనిమిదింపావుకి కారెక్కి ఇంకో పిన్ను దగ్గరికి బయల్దేరాను. ఆ వారాంతంలో నా లిస్టులో ఆరు పిన్నులున్నాయి మరి.

ఇంటికొచ్చి ఆ ఫొటోని నెట్‌లో ఉన్న వాటి పక్కన పెట్టి చూస్తే, ఏది నాదో చెప్పడానికి ఫైలు పేరు చూసుకోవాల్సొచ్చింది.

దీన్ని మన ఫొటోగ్రఫీ గ్రూపుల్లో "స్కౌటింగ్" అంటున్నారు. నేను ఒప్పుకోను. మన సినిమావాళ్ళు దీనికి రెక్కీ అనే మాట వాడతారు. రెక్కీ అంటే పని. ఎండ ఎటునుంచి ఎన్నింటికి పడుతుంది, వాన్ ఎక్కడ ఆగుతుంది, వానొస్తే ఎక్కడ తలదాచుకోవాలి, ఇవన్నీ ఎవరో ఒకరు వెళ్ళి, తిరిగి, కనుక్కుని రావాలి. ఇంకొకరు ఇదివరకే తీసిన బొమ్మ ముందు టైముకి హాజరవ్వడం రెక్కీ కాదు, అటెండెన్స్.

మనుచరిత్రలో ప్రవరుడి కథ మనందరికీ తెలిసిందే. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి పూసుకున్నాడు, అరుణాస్పదపురం నుంచి క్షణంలో హిమాలయానికి చేరాడు. చూడాలనుకున్నవి చూశాడు. తిరిగొద్దామంటే లేపం మంచుకి కరిగిపోయింది. అప్పుడు తెలిసొచ్చింది, తనకి దారి తెలియదని. కాళ్ళు తనవే కానీ నడిచింది తను కాదు. ఫోన్లో పిన్ను సరిగ్గా ఈ పాదలేపమే. చోటుకి చేరుస్తుంది, దారి మాత్రం నేర్పదు.

ఇది ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన జబ్బు అని తీర్పు చెప్పేసి చేతులు దులుపుకునే వ్యాసాలు చాలానే వచ్చాయి. ఆ తీర్పు కూడా తప్పే. ఇదే లేక్ డిస్ట్రిక్ట్‌కి థామస్ వెస్ట్ అనే ఆయన 1778లో ఒక గైడు రాశాడు. ఏ సరస్సుని ఎక్కడ నిలబడి చూడాలో అందులో ఉంటుంది. ఆ చోట్లకి "స్టేషన్లు" అని పేరు పెట్టాడు. చూసేవాళ్ళు క్లాడ్ గ్లాస్ అనే నల్లటి, కాస్త ఉబ్బెత్తు అద్దం వెంట తెచ్చుకునేవారు. కొండకి వీపు తిప్పి నిలబడి, అద్దంలో కొండని చూసుకునేవారు. క్లాడ్ లొరేన్ గీసిన చిత్రంలా కనిపించాలని! అంతకుముందే, 1769లో, కవి థామస్ గ్రే ఇలాంటి అద్దం చేత్తో పట్టుకుని, బురద సందులో వెల్లకిలా పడి వేళ్ళ కణుపులు చితక్కొట్టుకున్నాడు. విండర్‌మియర్ ఒడ్డున 1790లలో క్లైఫ్ స్టేషన్ అని ఒక కట్టడమే లేపారు. దాని కిటికీలకి రంగుటద్దాలు. లేతాకుపచ్చ అద్దంలోంచి చూస్తే వసంతం, ముదురు నీలం అద్దంలోంచి చూస్తే వెన్నెల. మనం ఫిల్టర్లని ఈ మధ్యే కనిపెట్టామనుకుంటున్నాం!

కాబట్టి నా గొడవ టెక్నాలజీతో కాదు. రోజూ దానితోనే అన్నం తింటున్నాను. చూసే పనిని ఇంకొకడికి అవుట్‌సోర్స్ చేయడంతోనే నా గొడవ.

నిజమైన స్కౌటింగ్‌లో ఎంత సరుకుందో చూడండి. హైదరాబాదులో ఏడాది పొడవునా సూర్యుడు ఉదయించే చోటు క్షితిజం మీద దాదాపు 50 డిగ్రీల మేర అటూఇటూ జరుగుతుంది. లేక్ డిస్ట్రిక్ట్ ఉన్న అక్షాంశం దగ్గర ఆ జరుగుడు 85 డిగ్రీలు దాటుతుంది. అంటే జూన్‌లో తీసిన ఫొటోలోని వెలుతురు డిసెంబరులో అసలు ఆ దిక్కునుంచే రాదు. పిన్ను మాత్రం ఏడాదంతా ఒకటే. పైగా యాప్‌లో పెద్దక్షరాలతో కనపడే సూర్యోదయ సమయం చదునైన నేలది, లోయలో ఎండ ఎప్పుడు పడాలో ఎదురుగా ఉన్న కొండ నిర్ణయిస్తుంది. వాస్ట్‌వాటర్ పక్కన సరస్సులోకి జారుతున్న రాళ్ళగుట్టల వాలు ఉంది చూశారూ, దాని ముఖం వాయవ్యానికి. మీరు ఎంత తెల్లవారుజామున వెళ్ళినా అది నీడలోనే ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు కాచుకోవాలి. ఇది కాంటూరు గీతలున్న మ్యాపు చదివితే ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. ఇక వాన. బారోడేల్ లోయలోని సీత్‌వైట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి పైగా కురుస్తుంది. అలాంటి చోట నీలాకాశం కోసం వెళ్ళేవాడికి ఆ ఊరి సంగతి తెలియదన్నట్టే.

స్కౌటింగ్ అంటే ఏంటో చూడాలంటే ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్‌ని చూడాలి. కెండల్ పట్టణంలో మునిసిపల్ ఖజానా లెక్కలు చూసుకునే ఉద్యోగి. కారు నడపడం రాదు. వారాంతాల్లో బస్సెక్కి వెళ్ళి, కొండలెక్కి దిగి, వారమంతా రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్నాడు, గీసుకున్నాడు. 1952లో మొదలుపెట్టి పదమూడేళ్ళు. 214 కొండలు, ఏడు పుస్తకాలు, ప్రతి పేజీ చేతిరాతే. ఆ పుస్తకాలు పట్టుకుని జనం ఎగబడి కొండదారులు అరిగిపోయాయి, అది వేరే కథ. కానీ ఆయన చూశాడు. ఎవరి తరఫునా కాదు, తన కళ్ళతో.

ఇక్కడ రెండో పార్టీ ఒకటుంది, వాళ్ళతోనూ నాకు పేచీయే. "లొకేషన్ చెప్పను" పార్టీ. ఫొటో పెడతారు, ఎక్కడని అడిగితే "ప్రకృతిని కాపాడుకోవాలి" అని నవ్వే బొమ్మ ఒకటి పెడతారు. వీళ్ళ పెద్దాయన వర్డ్స్‌వర్త్. ఈ సరస్సులకి తనే ఒక గైడు రాశాడు, 1810లో మొదటి రూపం వచ్చింది. 1844లో విండర్‌మియర్‌కి రైలు వేస్తామనేసరికి వద్దని పత్రికకి ఉత్తరాలు రాశాడు. అందంగా ఉన్న కొండని చూసి ఆనందించడం పుట్టుకతో రాదు, మెల్లగా అలవడాలి, పనివాళ్ళని రైళ్ళలో కుమ్మరిస్తే వాళ్ళకి ఒరిగేదేమీ ఉండదు అన్నది ఆయన వాదన. రైలు 1847లో రానే వచ్చింది. తను చేరాక తలుపేసుకునే ఈ గుణాన్ని పర్యావరణ ప్రేమ అంటే నేను నమ్మను. తెలిసిన దారి చెప్పండి. దారితో పాటు అక్కడ ఎవరుంటారో కూడా చెప్పండి. అడుగుతున్నది అంతే.

"ఏడాదికి ఇరవై రోజులు సెలవు దొరికేవాడికి ఇన్నిసార్లు తిరిగే టైమెక్కడిది బాస్?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న, ఆ ఇరవై రోజులవాణ్ణి నేను కూడా. నా జవాబు ఇది: రెండు రోజులే ఉంటే ఆరు పిన్నులు వద్దు, ఒక్క సరస్సు చాలు. దాని చుట్టూ నడవండి. మొదటిరోజు కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి. పెట్రోలు ఖర్చు కూడా తగ్గుతుంది.

అసలు ఇదంతా ఎందుకింత పట్టింపు, ఒక ఫొటోనే కదా అంటారా? హాస్‌వాటర్ సంగతి చెప్తాను. నా ఆరు పిన్నుల్లో అదొకటి. గాలి లేని పూట కొండలు తలకిందులుగా అద్దంలా కనిపిస్తాయి, దానికోసమే పోయాను, దొరికింది, సంతోషించాను. చాలా నెలల తర్వాత పాత మ్యాపు ఒకటి చూస్తుంటే ఆ నీళ్ళున్న చోట ఒక ఊరుంది. పేరు మార్డేల్ గ్రీన్. మాంచెస్టర్ నగరానికి నీళ్ళకోసం 1929లో ఆనకట్ట పని మొదలై, 1930లలో ఊరు మునిగింది. చర్చి కూల్చేశారు. సమాధులు తవ్వి అవశేషాలని షాప్ అనే ఊరికి తరలించారు. బాగా ఎండలు కాసిన ఏడు నీళ్ళు తగ్గి గోడలు బయటికొస్తాయి. నేనప్పుడు ఉంటున్నది మాంచెస్టర్‌లో, తాగుతున్నది ఆ సరస్సుల నీళ్ళు. నా ఫొటోలో ఇదేమీ లేదు. ఉండాల్సిన అవసరం లేదనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ వదిలేయాలని నిర్ణయించింది నేను కాదు. నాకసలు తెలియనే తెలియదు. ఎంచి వదిలేయడానికీ, తెలియక వదిలేయడానికీ ఉన్న తేడాయే కళకీ, పాదలేపానికీ ఉన్న తేడా.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అనుకోకండి. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గిన నెలల్లో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. డ్రోన్లు వెళ్తాయి, నీళ్ళలోంచి లేచిన గుడి ఫొటోలు ఏటా మన టైమ్‌లైన్ల నిండా వస్తాయి. అద్భుతం అని మనమూ లైకు కొడతాం. ఆ నీళ్ళకింద గుడొక్కటే లేదు. పొలాలున్నాయి, ఇళ్ళున్నాయి, ఎక్కడికో లేచిపోయిన ఊళ్ళున్నాయి. పిన్ను మాత్రం గుడి మీదే ఉంది.

వచ్చే వేసవిలో నేనూ వెళ్తున్నాను. ముందు పాత మ్యాపు సంపాదించాలి. తర్వాత ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోవాలి. కెమెరా సంగతి ఆ తర్వాత చూద్దాం.