ఆరుణి యెక్కడ?



శ్రావణమాసము ప్రవేశించుసరికి మా ఆత్రేయపురములో నేటేట కనబడు దృశ్యమొకటి కలదు. ప్రొద్దుటి బస్సుకొఱకు పెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ డబ్బా, అట్టపెట్టెలో పూతరేకులు పెట్టుకొని యొక పిల్లయో పిల్లవాడో నిలుచుండును. ప్రక్కన తల్లి యుండును. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరపు ఆనకట్ట దాటి రాజమహేంద్రవరము చేరువఱకు ఆ బిడ్డకు అన్నియు తెలిసిన చోట్లే. కళాశాల గుమ్మములో నడుగుపెట్టిన తరువాతనే కన్ను చీకట్లు క్రమ్మును.

బస్సు కదలునపుడు మనము చెప్పు మాటలేవి? వేళకు తినుము, చేరగానే ఫోను చేయుము, డబ్బు జాగ్రత్త. మంచి మాటలే. కాని చదువులో చిక్కు వచ్చినచో ఎవరియొద్దకు పోవలెనో మనలో నొక్కరమును చెప్పము. మనకే తెలియదు గనుక చెప్పము.

మా వీథిలో పూతరేకులు తీయు నొకామె కూతురు 2024లో డిగ్రీ తరగతిలో చేరినది. ఆ యింట కళాశాల మెట్టెక్కిన మొదటి మనిషి ఆ పిల్లయే. (మా యూరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ముచ్చట మఱియొక నెలలో.) ఇంటర్మీడియేటు తెలుగులో చదివినది. అర్థశాస్త్రమనిన ప్రీతి. కాని సీట్ల కోరికలు కంప్యూటరులో నింపవలసి యుండగా, తల్లి కూతుండ్రిద్దఱును నెట్టు సెంటరులోని యబ్బాయి చేతిలో కాగితములు పెట్టి వచ్చిరి. ఉద్యోగములు దానికే వచ్చునని యతడు వాణిజ్యశాస్త్రములో కంప్యూటరు అప్లికేషన్లను మొదట వ్రాసెను, అదియే వచ్చినది. 2023-24లో మన రాష్ట్రములో డిగ్రీకి ఒకే ప్రధాన విషయముండు పద్ధతి ప్రవేశపెట్టబడినది. పూర్వము మూడు విషయములలో నొకటి నచ్చకున్నను తక్కిన రెండింటిని పట్టుకొని గట్టెక్కుచుండిరి. ఈ పద్ధతిలో తొలి యెంపిక తప్పినచో తక్కినదంతయు బరువే. అంతటి నిర్ణయమును ఇరువది నిమిషములలో ముగించి, అబ్బాయికి రుసుము చెల్లించి వచ్చితిమి. కూరగాయలనైన నింతకంటె నిదానముగా నేఱుదుము.

దీనికి తోడు బోధనాభాష యొకటి. 2021-22 నుండి రాష్ట్రములో డిగ్రీ చదువంతయు ఆంగ్లమాధ్యమమున నుండవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. పండ్రెండేండ్లు తెలుగులో ఆలోచించిన పిల్ల యొక్క యుదయమున ఆంగ్లములో ఆలోచింపవలసివచ్చినది.

దసరాకు వచ్చిన పిల్ల, పండుగ వెళ్లినను తిరిగి పోననినది. తల్లి నా యొద్దకు వచ్చి, "వదినగారూ, ఏమడిగినా గోడవైపు తిరిగి పడుకుంటోందండి" యని కన్నీరు పెట్టుకొన్నది. నేను రెండు రోజులు ఊరక ప్రక్కన గూర్చుంటిని. మూడవనాడు పిల్ల తానే నోరు విప్పినది: "అక్కడ అందరికీ అర్థమవుతోందండి పిన్నిగారూ. నా ఒక్కదానికే కావడం లేదు." మొదటి పరీక్షలో ఆమెకు వచ్చిన మార్కులు చేతివ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆ సంగతి నెల దినములు ఎవరితోను చెప్పక కడుపులో దాచుకొన్నది. తల్లి ఫోను చేసినప్పుడెల్ల "బాగానే చదువుతున్నాను" అనినదట.

ఆ రాత్రి నాకు ఆదిపర్వములోని ఆరుణి కథ స్ఫురించినది. చిన్ననాడు మా నాయనగారు అరుగుమీద దానిని చదివి చెప్పినపుడు గురుభక్తి కథగా విని మురిసితిని. ధౌమ్యుడు శిష్యుని పొలము గట్టు కట్టిరమ్మనెను. గండి నిలువలేదు. ఏమి చేయుటకును తోచక ఆ పిల్లవాడు తానే గండికి అడ్డముగా పండుకొనెను. గోదావరి కాలువల నడుమ కాపురము చేయు మనకు గండి యనిన నేమో తెలియును. గండి పడినపుడు మా రైతు దానికి తన దేహము నడ్డుపెట్టడు; మొట్టమొదట గట్టిగా కేక వేయును. ఆరుణి కేక వేయలేదు. తనకు చేతకాదని గురువు చెవిని వేయుట తప్పని తలచెను కాబోలు. మొదటియేటి పిల్లలందఱును ఇట్లే నీళ్లలో పండుకొందురు.

అయితే ఆ కథలో నేనిన్నాళ్లు గమనింపని భాగము వేఱొకటి కలదు. గురువు తక్కిన శిష్యులను చూచి, ఆరుణి యెక్కడ, అని యడిగెను. అడిగి ఊరకుండలేదు, పొలమునకు పోయి పేరు పెట్టి పిలిచెను. అప్పుడుగాని యా బాలుడు లేవలేదు. గండిని చీల్చుకొని లేచినందులకే ఉద్దాలకుడను పేరు వచ్చినది.

ఇట్టి గురువులు మన గోదావరీతీరమునకు క్రొత్తవారు కారు. 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర, బొమ్మలు గీయు చేయిగల దామెర్ల రామారావును కనిపెట్టి, బొంబాయి చిత్రకళాశాల చదువునకు దారి చూపెను. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావులును ఆయన శిష్యులే. కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు తమ జీతమును బీదవిద్యార్థులకొఱకు వెచ్చించిరని ప్రతీతి. కాని తరగతిలో ముప్పదిమంది యున్నప్పటి గురువు కంటికి ఆనినట్లు, వందలమంది యున్నప్పుడు ఆనదు గదా. అందువలననే యిప్పుడు ఏర్పాట్లు కావలసివచ్చినవి. గాంధీనగరు ఐ.ఐ.టి.వారు 2011లోనే క్రొత్తవారికి ఐదువారముల పరిచయకార్యక్రమము మొదలిడిరి. 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు దీక్షారంభమను పేర కళాశాలలన్నింటికిని మార్గదర్శిని వెలువరించిరి. పిల్లలను చిన్న జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు నొక యుపాధ్యాయుని మార్గదర్శకునిగా నియమింపవలెనను పద్ధతియును వచ్చినది. కళాశాలల యోగ్యతను నిర్ణయించు న్యాక్ వారు, ఎందఱు విద్యార్థుల కొక మార్గదర్శకుడున్నాడని లెక్క యడుగుదురు.

మా పిల్లకును అట్టి మార్గదర్శకురాలు కలదు! గుర్తింపుకార్డుతోపాటిచ్చిన కాగితములో పేరున్నది. తప్పు చేసినవారిని మందలించుటకు నియమించినారనుకొని పిల్ల యా గది దరిదాపులకు పోలేదు.

తల్లిని, కూతురిని వెంటబెట్టుకొని నేనును పోయితిని. తల్లి గుమ్మము బయటనే నిలిచి, "నేను లోపలికి రావచ్చునాండీ?" యనినది. ఆ యుపన్యాసకురాలు చెడ్డది కాదు. ఆమె పేర డెబ్బదిమంది పిల్లలను వ్రాసిరట. పుస్తకము తెఱచి చూపగా మా పిల్ల పుటలో ఫోను నంబరు తప్ప నేమియు లేదు. ఆమెయే సిగ్గుపడినది.

పిమ్మట జరిగినది గొప్ప మంత్రమేమియు కాదు. తెలియని మాట వినబడినప్పుడెల్ల వ్రాసికొనుటకు చిన్న పుస్తకము పెట్టుమని చెప్పి, ప్రతి శనివారము అరగంట తన యొద్దకు రమ్మనినది. తెలుగులో చదివి వచ్చిన పై తరగతి పిల్లను తోడిచ్చినది. నడుమ మానినచో ఏడాది పోవునని, ఈ సెమిస్టరు గట్టెక్కి అర్థశాస్త్రమును ఉపవిషయముగా కోరుకొనవచ్చునని వివరించినది. డెబిట్, క్రెడిట్ అనగా నేమని పిల్ల బిక్కమొగము వేయగా, తల్లి నెమ్మదిగా, "అరువు బియ్యం, నెయ్యి, బెల్లం, అమ్మిన రేకులు నేను క్యాలెండరు మీద రాస్తానే, అదేనాండీ?" యనినది. అదేననినది ఉపన్యాసకురాలు. ఆ తల్లి మొగము చూడవలసినది.

సోదరీమణులారా, మీ బిడ్డ కళాశాలలో చేరిన మొదటి వారములోనే మార్గదర్శకుల పేరడిగి మీ ఫోనులో వ్రాసికొనుడు. ఎట్లు చదువుచున్నావని యడిగినచో బాగుగనే యని బదులు వచ్చును. ఈ వారము ఏ పాఠము తెలియలేదని యడుగుడు. ఒక విషయము తప్పినను మరల వ్రాయవచ్చునని మీరు ముందుగా చెప్పియుంచినచో, తప్పిననాడు వారు మీ యొద్ద దాచరు. ఇరుగుపొరుగువారు నవ్వుదురను భయమును పిల్లల నెత్తిపై రుద్దుట మన తప్పే. పెద్ద తరగతివారి వేధింపు మన రాష్ట్రములో 1997 చట్టము ననుసరించి నేరము. ఫిర్యాదునకు 1800-180-5522 కలదు. నిద్ర పట్టక, బ్రతుకు రోసి మాటలాడు బిడ్డ యున్నచో ఒక్క దినమును జాగు చేయవలదు. 2022లో నెలకొల్పబడిన టెలిమానస్ సంఖ్య 14416నకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ పిల్ల నెల దినములు నిద్ర లేక గడపినప్పుడు ఈ సంఖ్య మా వీథిలో నెవరికిని తెలియదు. నాకును తెలియదు.

సంక్రాంతికి పిల్ల వచ్చినది. మొదటి సెమిస్టరులో నొక విషయము అనుమానమేనని తానే చెప్పినది. తల్లి కుండ ముందు గూర్చుండి, గుడ్డ పిండిలో ముంచి రేకు తీయుచు, చేయి యాపక, "శనివారం మేడంగారు ఏమన్నారే?" యని యడిగినది.