చెప్పు కుట్టిన చెయ్యే ధర కట్టాలి

బాటా కొట్లో ఎవరూ బేరం ఆడరు. జోడు కింద అంటించిన చీటీ మీద ఎంతుంటే అంత ఇచ్చి, డబ్బా చంకన పెట్టుకుని బయటకొస్తారు. అదే పెద్దమనిషి సోంపేటలోనో కాశీబుగ్గలోనో టెక్కలిలోనో రోడ్డు వార గొడుగు కింద కూచున్న మన అన్న ముందు కాలు చాపి "ఏటిరా, ఎంత?" అంటాడు. ఆ "రా" పడ్డప్పుడే ధర సగానికి పడింది. మిగతా సగం బేరంలో పోతుంది. తోలు అదే, సూది అదే. మరి తేడా ఎక్కడుంది? ధర ఎవరు చెప్తున్నారన్న దగ్గర ఉంది. తోలు వస్తువుల అమ్మకం గురించి మాట్లాడాలంటే ముందు ఈ ముక్క మాట్లాడాలి.

మన తాతలు చెప్పులు కుట్టేరు గాని అమ్మలేదు. ఈ మాట కొంచెం నిదానంగా ఆలోచించండి. మోటకి తోలు బొక్కెన, ఎద్దు మెడకి మువ్వల పట్టీ, రైతు చేతికి చెర్నాకోల, కాలికి కిర్రు చెప్పులు. సేద్యం మొత్తం మాదిగ కుట్టిన తోలు మీదే నడిచింది. దానికి కూలి ఏటి? ఏడాదికోసారి కళ్లంలో కొలిచిన మేర. ఎన్ని కుంచాలో చెప్పింది రైతు. కుంచం ఆయనదే, కొలిచే చెయ్యీ ఆయనదే. ఎన్ని జోళ్లు కుట్టేవు, ఎన్నిసార్లు బాగుచేసేవు అన్న లెక్క ఎవరూ రాయలేదు. "నా పనికి ఇంత" అని నోరు తెరిచి అడిగే హక్కు లేనోడు అమ్మకం ఎలాగ నేర్చుకుంటాడు? షావుకారు కొడుకు తండ్రి పక్కన గల్లాపెట్టె దగ్గర కూచుని బేరం నేర్చుకున్నాడు. మన కొడుకు తండ్రి పక్కన కళ్లం వార నిలబడి ఎదురుచూడటం నేర్చుకున్నాడు.

తర్వాత మోట పోయి కరెంటు మోటార్లొచ్చాయి. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి. కిర్రు చెప్పు పోయి హవాయి చెప్పు వచ్చింది. ఆఖరికి డప్పు మీద కూడా మేకతోలు పోయి ప్లాస్టిక్ ఎక్కింది. మేర పోయినందుకు మేం ఏడవం, అది పోవాల్సిందే. కాని మేరతోపాటు పనీ పోయింది. ఆరె, రంపి చేతిలోనే ఉన్నాయి, ఎదర కొనేవాడు లేడు. కొత్త జోడు కుట్టగలిగిన చేతులు తెగిన పట్టీలు అతికే కాడికి దిగిపోయాయి. ఉద్దానం కుర్రాళ్లు హైదరాబాదుకీ చెన్నైకీ రైలెక్కుతున్నారు.

ఇక్కడ మన యువకులే ఒక ప్రశ్న వేస్తారు. "పంతుళ్లూ, మీ పిల్లల్ని కంప్యూటర్లు చదివిస్తా మమ్మల్ని చెప్పులు కుట్టమంటారేటి?" న్యాయమైన ప్రశ్నే. మా ఇళ్లల్లో డిగ్రీ కాయితం మొదట పట్టుకున్నది మేమే. మా అయ్యలు మమ్మల్ని తోలు దగ్గర కూచోబెట్టకుండా బడికి తోలేరు గనకే పంతుళ్లమయ్యాం. బడి మాని సూది పట్టమని మేం ఏ పిల్లాడికీ చెప్పం. కాని ఒక తేడా చూడాలి. వెట్టి వేరు, విద్య వేరు. చచ్చిన గొడ్డుని లాగడం కులం మన మెడకి కట్టిన వెట్టి. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం, ఎంగిలి మెతుకులు వదిలేసి ఆత్మగౌరవంతో నిలబడమన్నది ఆ వెట్టి గురించే. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని బట్టలు విప్పి కొట్టారు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురంలో అదే పనికి మన అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు. గుజరాత్ దళితులు చచ్చిన పశువుల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేసి, "మీ తల్లిని మీరే చూసుకోండి" అన్నారు. ఆ దెబ్బ సరైన దెబ్బ. ఆ పని మనం చెయ్యక్కర్లేదు.

కాని తోలుని కొలిచి, కోసి, మలిచి, కుట్టడం విద్య. పదును చేసిన తోలు ఆంబూరు, వాణియంబాడి బజార్లలోనూ, కలకత్తాలోనూ ఎవడికైనా దొరుకుతుంది. దానికోసం ఎవరి గొడ్డూ లాగక్కర్లేదు. విద్య వదిలి పోయేవాడు పోవచ్చు, కాని ఉండేవాడు కూలోడిగా ఉండకూడదు, యజమానిగా ఉండాలి. ఎందుకంటే తోలు ముట్టుకుంటే మైల అన్న కులాలవాళ్లే ఇవాళ తోలు షోరూములు తెరిచేరు, ఎగుమతి కంపెనీలు పెట్టేరు. తోలుకి మైల ఉంది గాని తోలు డబ్బుకి మైల లేదన్నమాట! రాష్ట్రానికి ఆ చివర తడ దగ్గర అపాచీ కంపెనీలో అడిడాస్ బూట్లు తయారవుతున్నాయి. అక్కడ వేలాదిమంది ఆడపిల్లలు జీతానికి కుడుతున్నారు. జీతం వస్తుంది, మంచిదే. పేరు మాత్రం కంపెనీదే.

పేరు సంగతి చూడండి. బాటా అన్నది ఇప్పటి చెక్ దేశంలో జ్లిన్ అనే ఊళ్లో తరతరాలుగా జోళ్లు కుట్టిన ఇంటి పేరు. 1894లో ఆ ఇంటి పిల్లలు కొట్టు పెట్టేరు. 1930లకల్లా కలకత్తా పక్కన వాళ్ల పేరుతో బాటానగర్ లేచింది. అక్కడ చెప్పులు కుట్టినోడి ఇంటిపేరు ఒక పట్నానికి పేరయింది. ఇక్కడ చెప్పులు కుట్టినోడి కులం పేరు తిట్టయింది. ఈ తిట్టునే తిప్పికొట్టినోళ్లూ ఉన్నారు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు చెప్పులు కుట్టేవాళ్లతో కలిసి సంచులు చేయించి, ఆ సంచుల మీద "చమార్" అనే పేరే వేసేడు. తిట్టుగా వాడిన మాట మీద ధర చీటీ కట్టేడు. డబ్బున్నోళ్లు ఆ పేరు చూసే కొంటున్నారు.

కొల్హాపురి చెప్పుల కథ కూడా తెలుసుకోవాలి. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాల దళిత కుటుంబాలు కుట్టే జోళ్లవి. 2018 డిసెంబరులో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ జిల్లాల్లో కుట్టినదాన్నే ఆ పేరుతో అమ్మాలని చట్టం. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే పెద్ద కంపెనీ అచ్చం అలాంటి చెప్పులే ప్రదర్శనలో పెట్టి, ఎక్కడివో చెప్పకుండా ఊరుకుంది. ఇక్కడ గోల లేచాక ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని, 2 వేల జోళ్లు ఇక్కడే చేయించి ఒక్కో జోడు 800 యూరోల దాకా అమ్ముతామంది. అంటే మన డబ్బుల్లో 80 వేలు పైమాటే. కుట్టినోళ్ల చేతికి అందులో ఎంతొస్తుందన్నదే అసలు పోరాటం. అయితే గోల చెయ్యడానికి వాళ్లకో పేరుంది, పట్టుకోడానికో కాయితం ఉంది. మన కిర్రు చెప్పుని రేపెవడైనా ఎత్తుకుపోతే మనం ఏం చూపించి అడుగుతాం?

మన జిల్లాకి పేర్లు లేక కాదు. పొందూరు ఖద్దరు ఉంది, బుడితి ఇత్తడి ఉంది, పలాస జీడిపప్పు ఉంది. పలాస నించి మనం రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. ఒకటి, అక్కడ పప్పు నంబరు మీద అమ్ముడవుతుంది. 320 అంటే పౌనుకి ఇంచుమించు అన్ని పలుకులని ఢిల్లీ వ్యాపారికీ తెలుసు. సరుకు చూడకుండానే ఫోనులో కొంటాడు. మన జోడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే, 7వ నంబరు ఒక్కో ఇంట ఒక్కోలా ఉంటే, చూడకుండా ఎవడు కొంటాడు? రెండో పాఠం, పలాస పేరు దేశమంతా తెలిసినా గింజ కొట్టి వేళ్లు నల్లబడే ఆడకూలీల బతుకు మారలేదు. పేరొక్కటే చాలదు, ఆ పేరు ఎవరి చేతిలో ఉందో చూడాలి.

ఇప్పుడు ధర సంగతికొద్దాం. పలక మీద లెక్క చేసినట్టు చేద్దాం. ఇవి లెక్క నేర్చుకోడానికి వేసిన అంకెలు, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఒక జోడుకి తోలు 300, అడుగు అట్ట 120, దారం, మేకులు, జిగురు 40, పనిముట్ల అరుగుదల, దీపం ఖర్చు 30, పాడైన తోలుకి 30, బస్సు చార్జీ, సంచి 20. మొత్తం 540 రూపాయలు. ఒక రోజు పనికి కూలి 500 వేద్దాం. ఇంటామె పట్టీలు కోసి, అంచులు మడిచి సాయం చేస్తే ఆమె కూలీ ఇందులో వెయ్యాలి. మన లెక్కల్లో ఎప్పుడూ ఎగిరిపోయేది ఆడమనిషి చాకిరీయే. సరే, 500 దగ్గరే ఆపుదాం. అయింది 1040. దీన్ని 1250కి అమ్మితే 210 మిగుల్తుంది. అమ్మకం లేని రోజులకీ, మళ్లీ తోలు కొనడానికీ అదే మూలధనం. కొట్టువాడు "600 ఇస్తా, వంద జోళ్లు పట్రా" అంటే వంద అన్న మాటకి మురిసిపోతాం. లెక్క చూడండి. 600లో 540 పోతే మిగిలింది 60. రోజు కూలి 60 రూపాయలకి వంద రోజులు వెట్టి చేస్తానని ఒప్పుకున్నట్టే. కళ్లంలో మేర కొలిచినోడికీ ఈ కొట్టువాడికీ తేడా ఏటి?

"1250 ఎవడిస్తాడు పంతులూ? వందా నూటయాభైకి హవాయి దొరుకుతుంటే!" నిజమే. వందకి కొనేవాడు మన గిరాకీ కాదు. మిషన్ మీద పోసిన రబ్బరుతో చేత్తో కుట్టిన తోలు ధరలో పోటీ పడలేదు, పడకూడదు. మన గిరాకీ వేరే ఉన్నాడు. మడమ నొప్పికి మెత్తని తోలు కావాలనే ముసలాయన, తన పాదం కొలతకే కుట్టించుకోవాలనే మనిషి, అయిదేళ్లు మన్నే బెల్టు కావాలనే ఉద్యోగి, చేతిపని అంటే విశాఖపట్నంలో ఎంతైనా పెట్టేవాళ్లు. వాళ్లు మన గొడుగు కిందకి రారు. మనమే వాళ్ల దగ్గరకెళ్లాలి.

ఎలాగ వెళ్లాలి? మేం అనుకుంటున్నవి చెప్తున్నాం, సంఘాల్లో కూచుని తేల్చండి. ఒక్కొక్కడూ విడిగా తోలు కొనొద్దు, పదిళ్లు కలిసి కొనండి. హౌరా, చెన్నై లైను మన సోంపేట మీదుగానే పోతోంది, రెండు వైపులా తోలు బజార్లే. అందరూ ఒకే కొలత అచ్చులు వాడండి. ప్రతి జోడు మీద ఊరి పేరు ముద్ర కొట్టండి. "ఏడాదిలోపు కుట్టు ఊడితే ఉత్తినే కుట్టిస్తాం" అని రాసివ్వండి, ఈ మాట పెద్ద కంపెనీ ఇవ్వలేదు, మనం ఇవ్వగలం. ధర చీటీ అంటించండి, చీటీ మీద ధరే ధర. అరువు పెట్టొద్దు, మనకి అరువు ఎగ్గొట్టేది ఎప్పుడూ ఉన్నోడే. ఇంటర్ చదివిన మన పిల్లల చేతిలో ఫోనుంది. వాళ్లు ఫొటో తీసి పంపనీ, లెక్క రాయనీ. చదువుకున్న పిల్ల కుట్టక్కర్లేదు, అమ్మగలిగితే చాలు. ప్రదర్శనల్లో, లేపాక్షి కొట్లలో చోటు అడగండి. పన్ను అని ఎవరైనా బెదిరిస్తే భయపడొద్దు. ఏడాదికి 40 లక్షల లోపు సరుకు మన రాష్ట్రంలోనే అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2022 జనవరిలో వెయ్యి లోపు చెప్పుల మీద 5 నించి 12 శాతానికి పెంచిన పన్నుని 2025 సెప్టెంబరు 22 నించి మళ్లీ 5కి దించి, 2500 దాకా వర్తింపజేశారు.

సర్కారు దగ్గర అడగాల్సినవీ ఉన్నాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవాళ్లు ఉన్నారు. శిక్షణ రోజులకి 500 చొప్పున, పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. రాయించుకోండి. కాని అప్పు ఇచ్చి, సూది ఇచ్చి, గిరాకీ చూపించకపోతే ఆ సూదితో ఏం కుట్టాలి? మన పేరు మీద లిడ్‌క్యాప్ అని తోలు పరిశ్రమల కార్పొరేషన్ 1973లోనే పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత సోంపేటలో చెప్పులు కుట్టే అన్నకి ఆ పేరు తెలుసా అని అడిగి చూడండి.

గిరాకీ సర్కారు దగ్గరే ఉంది. బడి పంతుళ్లుగా మేం కళ్లారా చూసే సంగతి ఇది. 2020 నించి సర్కారు బళ్లలో పిల్లలకి బూట్లు ఇస్తున్నారు. ప్రభుత్వం మారితే కిట్టు పేరు మారుతోంది గాని బూట్లు ఆగలేదు. రాష్ట్రంలో 30 లక్షలకు పైగా పిల్లలు, అంటే ఏటా 30 లక్షలకు పైగా జోళ్లు! అవి పెద్ద టెండర్లలో పెద్ద కంపెనీలకి పోతున్నాయి. కోట్ల వ్యాపారం చూపించలేని వాడు ఆ టెండరు గడప తొక్కలేడు. ఆ బూట్లు తొడుక్కునే పిల్లల్లో మన వాడల పిల్లలూ ఉన్నారు. వాళ్ల తండ్రులకి కుట్టడం వచ్చు. మరి పిల్లాడి బూటు తండ్రి ఎందుకు కుట్టకూడదు? కేంద్ర సర్కారు శాఖలు ఏటా కొనే మొత్తం సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని 2012 నించే ఉత్తర్వుంది. రాష్ట్రం బడి బూట్లలో జిల్లాకి ఒక వాటా తీసి, చిన్న చిన్న లాట్లుగా చేసి, తోలు పని సహకార సంఘాలకి అడ్వాన్సుతో ఇవ్వమని అడుగుదాం. ఇది దానం అడగడం కాదు. మా విద్యకి పని, మా పనికి ధర అడగడం.

సోంపేట, పలాస, టెక్కలి సంఘాల వాళ్లు ముందు ఒక్క పని చెయ్యండి. మీ మండలంలో కొత్త జోడు కుట్టగల చేతులు ఎన్ని ఉన్నాయో ఇంటింటికీ తిరిగి రాయండి, ఆడవాళ్ల పేర్లు కూడా విడిగా రాయండి. ఆ జాబితా చేతిలో లేకుండా కలెక్టరు దగ్గరకెళ్తే "ఎంతమంది ఉన్నారయ్యా?" అన్న మొదటి ప్రశ్నకే బయటకొచ్చేస్తాం. జాబితా తయారయ్యాక కబురు చెయ్యండి. లెక్కలు కట్టడానికీ, అర్జీ రాయడానికీ ఆదివారాలు మేం వస్తాం.

జై భీమ్.