రహదారి గస్తీయు, చాటుమాటు వేఁటయు

కాలిఫోర్నియా రాష్ట్రపు రహదారి గస్తీదళము 2025లో నూఱు క్రొత్త మోటారుబండ్లను రహదారులపైకిఁ బంపఁబూనెను. వీనికిని రంగు గలదు, గుర్తులు గలవు. కాని దూరమునుండి చూచువారికి నవి సామాన్యుల బండ్లవలెనే తోఁచును. గంటకు నూఱు మైళ్లు మించి పరుగెత్తు మదాంధులను బట్టుటకే యీ యుపాయమని యధికారులు చెప్పుచున్నారు. వారి యుద్దేశమును మేము శంకింపము. అయినను ఈ చిన్న మార్పు వెనుక నొక పెద్ద ధర్మమున్నది.

1929కి పూర్వము ఆ రాష్ట్రమున రాకపోకల యధికారులు కౌంటీల వారీగా నుండిరి. ఒకచోటఁ గాఠిన్యము, మఱియొకచోట నుపేక్ష. ఆ యేఁట శాసనసభ ఈ దళమును సృజించెను. పదేండ్లలో యూనిఫారము ధరించినవారు 730 మందియైరి. 1947లో నిది ప్రత్యేక శాఖయయ్యెను. 1995లో రాష్ట్ర పోలీసుదళ మిందుఁ గలిసెను. లారీల తూనిక, బడిబస్సుల పరీక్ష, అపహరింపఁబడిన బిడ్డలనుగూర్చి రాష్ట్రమంతటఁ జాటింపు, ఇవియు నేఁడు దీని పనులే.

ఈ దళమునకు శాసనము గట్టిన కట్టు మిక్కిలి గమనింపఁదగినది. రాకపోకల నిబంధనల నమలుపఱచుటయే ముఖ్యవిధిగాఁ గల యధికారి సంపూర్ణముగా యూనిఫారము ధరింపవలెను. అతని బండికిఁ బ్రత్యేకమైన రంగుండవలెను. అట్లు గానిచో వేగనేరపు విచారణలో నతని సాక్ష్యము చెల్లదు. దారిపై రెండు గుర్తులు పెట్టి, నడుమ దూరము గొలిచి, దానిని దాఁటుటకుఁ బట్టిన కాలమునుబట్టి వేగము తేల్చుట యా చట్టము దృష్టిలో వల పన్నుటయే. ఆ సాక్ష్యమును జెల్లదు. ఇన్ని కేసులు పట్టి తీరవలెనని యధికారికి లెక్క విధించుటయు నిషిద్ధమే. పొదచాటునఁ గూర్చుండి జరిమానా వ్రాయువాఁడు ఖజానాకు మేలు చేయునేమో! బాటసారికిఁ జేసిన రక్షణ మేమి? నలుపుతెలుపుల బండి కనఁబడినంతనే పదిమంది వేగము తగ్గింతురు. ఖజానాకు రూకయు రాదు. ప్రాణములు మాత్రము నిలుచును.

ప్రతివాదము లేకపోలేదు. ఆ బండిని జూచి తగ్గినవాఁడు మలుపు దాఁటఁగానే మరల విజృంభించును. గస్తీవారి బ్రదుకును సులభమైనది గాదు. 1970 ఏప్రిలులో న్యూహాల్ వద్ద నొక బండి నాపిన సందర్భమున నలుగురు కాల్పులకు బలియైరి. కావున క్రొత్త బండ్లను మేము పూర్తిగా నిరాకరింపము.

యూనిఫారమున్నచోటనెల్ల న్యాయమున్నదనియు మేమనుట లేదు. లాటినో, నల్లజాతి ప్రయాణికులను జాతినిబట్టి యాపుచున్నారని 1999లో ఈ దళముపై వ్యాజ్యము పడెను. 2003 రాజీలో, సమ్మతి పేరిట బండ్లను సోదా చేయుటను కొన్నియేండ్లు మానుటకు దళ మంగీకరించెను. ఆ సోదాలు చేసినది యూనిఫారము గలవారే గదా!

శాన్ హొసే, ఫ్రీమాంటు ప్రాంతములలో వేలకొలఁది తెలుఁగువా రీ దారులనే నిత్యము నడచుచున్నారు. అచ్చట బండి చెడి యొంటిగా నిలిచినవానికి ఈ దళమును, రవాణా శాఖయు, స్థానిక సంస్థలును గలిసి నడుపు సహాయపు బండి వచ్చి, యుచితముగాఁ జక్రము మార్చును, ఇంధనము పోయును. 1991లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన యీ యేర్పాటునకు వచ్చిన పేరు ఏ జరిమానాకును రాలేదు.

క్రొత్త బండ్ల గుర్తులను ఇంతకంటె మసకపఱుపరాదు. వానివలనఁ దగ్గిన ప్రమాదములెన్నియో, పడిన జరిమానాలెన్నియో, ఆపఁబడినవా రే జాతివారో ప్రతి యేఁటను ప్రక్కప్రక్కన ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.