ఎవరి కప్పు వారిది



ఈ నెల మన ఇండ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వస్తువును గురించి మాట్లాడుకుందాము. అది మనం ప్రొద్దున్నే కాఫీ, టీ త్రాగే కప్పు. చిన్న విషయమే. అయితే వారం వారం గృహ దర్శనాలకు తిరిగే నావంటివానికి ఒక ఇంటి సంగతులు ఆ ఇంటి కప్పులను చూస్తే చాలావరకు తెలిసిపోతాయి.

తాతయ్యకు స్టీలు గ్లాసే కావాలి. స్టీలు పలుచన గనుక వేడి వెంటనే వేళ్లకు తగులుతుంది. అయినా కండువా చెంగుతో పట్టుకొని ఊదుకుంటూ త్రాగితేనే ఆయనకు టీ త్రాగినట్టుంటుంది. కోడలికి పింగాణీ కప్పు ఇష్టం. అది మందంగా ఉండి వేడిని మెల్లగా బయటికి పంపుతుంది, చేయి కాలదు. ఫిల్టర్ కాఫీ అలవాటైనవారికి గ్లాసు, డవరా రెండూ ఉండాలి. ఒకదానిలోనుండి మరొకదానిలోకి ఎత్తి పోస్తే నురగ వస్తుంది, కాఫీ కూడా చల్లారుతుంది. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో కప్పు, సాసరు. సాసరులో పోసుకొని త్రాగేవారిని చూసి నవ్వే చదువుకున్నవారున్నారు గాని, వెడల్పు పళ్లెంలో టీ త్వరగా చల్లారుతుందన్న తెలివి అందులో ఉంది. 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగే పానీయాలు బహుశా క్యాన్సరుకు దారితీస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. ఆ లెక్కన సాసరు తాతయ్యలే మనకంటె ముందున్నారు!

కూడికల్లో పంచే కాగితపు కప్పుల సంగతి కూడా ఒక మాట. వాటి లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దానిలో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో కనుగొన్నారు. గ్లాసులు కడిగే ఓపిక ఉంటే గ్లాసులే మేలు.

ఇక ఇష్టమైన కప్పు. నాకూ ఒకటున్నది. వెడల్పాటి పిడి ఉన్న తెల్లని మగ్గు. ఇది కప్పు కాదు, స్నానాల గదిలో ఉండవలసిన చెంబు అని మా ఇంట్లో ఎగతాళి. ఏమైనా శనివారం రాత్రి ప్రసంగం సిద్ధపరచుకొనేటప్పుడు అది ప్రక్కన లేకపోతే నాకు ఏదో వెలితి. తన కప్పు తనకు కావాలనుకోవటంలో తప్పేమీ లేదు. అలసి ఇంటికి వచ్చిన మనిషికి "ఇది నాది" అనుకొనే చిన్న వస్తువు ఒకటి ఉండటం మంచిదే.

అయితే ఈ మధ్య నేను వెళ్లిన ఇండ్లలో సరదాకు ఒక ప్రశ్న వేస్తున్నాను. "మీ ఇంట్లో ఎవరి కప్పు ఏది?" పిల్లలు ఉత్సాహంగా చెబుతారు. నాన్నది ఇది, అన్నయ్యది బొమ్మ ఉన్నది, నానమ్మది చిన్న గ్లాసు. "మరి అమ్మది?" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అమ్మ అందరికీ ఇచ్చాక మిగిలినదానిలో త్రాగుతుంది. పిడి విరిగినది, అంచు పెచ్చు ఊడినది, పారవేయటానికి మనసొప్పనిది ఆమె పాలు. నాకు మాత్రం అద్దాల బీరువాలోనుండి బంగారు అంచు కప్పు తీసి, తుడిచి, సాసరులో పెట్టి ఇస్తారు. ఆ తల్లి వంటింటి గడపలో నిలబడి విరిగిన కప్పులో చల్లారిన టీ త్రాగుతుంటే, నా చేతిలోని బంగారు అంచు నాకు రుచించదు.

మరొక కప్పు కూడా ఉన్నది. దానిని గురించి పిల్లలు కూడా చెప్పరు. అది బీరువాలో ఉండదు, వంటింటి గూటిలోనూ ఉండదు. కిటికీ బయట, లేదా మొక్కల కుండీ ప్రక్కన బోర్లించి ఉంటుంది. పనిచేసే ఆమె గ్లాసు. ఎందుకు వేరుగా అంటే శుభ్రత అంటారు. మన ఇంటి కప్పులన్నిటినీ రోజుకు రెండు పూటలా కడిగి బోర్లించేది ఆమె చేతులే గదా! ఆ చేతులు కడిగిన కప్పు మన పెదవులకు శుభ్రమే గాని, ఆమె పెదవులు తాకిన కప్పు శుభ్రం కాదా? ఇష్టపడి ఎంచుకొన్న కప్పు వేరు, ఒకరి కోసం మనం వేరుగా పెట్టిన కప్పు వేరు. ఆమె గ్లాసును ఆమె ఎంచుకోలేదు.

ఇది మనకు కొత్త కాదు. మన పల్లెల్లో టీ హోటళ్ల ముందు రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని పెద్దవారికి తెలుసు. దళితులకు కేటాయించిన గ్లాసులు బయట వేరుగా ఉండేవి. త్రాగినవారే కడిగి అక్కడే పెట్టిపోవాలి. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన గ్లాసు మారలేదు. మన సంఘస్తులు ఎందరో ఆ బయటి గ్లాసులోనే త్రాగారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది 1950లో. హోటలులోని పాత్రలను వాడుకోనీయకపోవటం శిక్షార్హమని 1955 నాటి చట్టం ప్రత్యేకంగా చెప్పింది. అయినా 11 రాష్ట్రాలలోని 565 గ్రామాలను పరిశీలించి 2006లో వెలువరించిన ఒక పుస్తకం టీ దుకాణాలలో ఈ వివక్ష ఇంకా సాగుతున్నట్టు చూపింది. వాడి పారవేసే కప్పులు వచ్చాక కొన్నిచోట్ల అది కంటికి కనబడకుండా పోయింది, అంతే. ఒకరికి గాజు గ్లాసు, ఒకరికి ప్లాస్టిక్ కప్పు.

సుఖారు బావి దగ్గర సమరయ స్త్రీ ఆశ్చర్యపడటానికి కారణం కూడా పాత్రే అని చెప్పిన పండితులున్నారు. యోహాను సువార్త 4వ అధ్యాయం 9వ వచనంలో మన తెలుగు బైబిలు సాంగత్యం అన్న చోట, గ్రీకు మాటకు కలిసి వాడుకొనుట అన్న అర్థం కూడా ఉన్నది. ఆయన దగ్గర చేదుకొనేందుకు ఏమీ లేదు గనుక నీళ్లు త్రాగాలంటే ఆమె పాత్రతోనే త్రాగాలి.

మా సంఘంలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరున్నారు. చిన్నతనంలో తండ్రి వెంట వెళ్లి ఆ బయటి గ్లాసులో టీ త్రాగినవారే. ఉద్యోగం వచ్చిన మొదటి నెల జీతంతో ఒకే రకం గాజు గ్లాసులు డజను కొన్నారట. ఇప్పటికీ ఆ ఇంట్లో అన్నీ ఒకే రకం. పగిలితే అటువంటిదే తెచ్చి పెడతారు. నేను వెళ్లినా, కొబ్బరికాయలు దింపే మనిషి వచ్చినా, కలెక్టరాఫీసు నుండి అధికారి వచ్చినా ఆ డజనులో ఏది చేతికి వస్తే అది. కిందటి క్రిస్మసుకు మనవరాలు ముచ్చటపడి తాతయ్య పేరు అచ్చు వేయించిన పెద్ద మగ్గు బహుమతిగా ఇచ్చింది. ఆయన దానిని బల్లమీద పెట్టుకొని కలాలు వేసుకొంటున్నారు.

"ఎందుకు మాస్టారూ, దీనిలో త్రాగవచ్చుగదా?" అన్నాను.

"పాపకు చెప్పకండి అయ్యగారూ," అన్నారాయన, "ఇది నీ గ్లాసు అని ఎవరైనా చూపిస్తే నాకు ఈనాటికీ గుటక దిగదు."

అంతలో వారి భార్య మూడు గాజు గ్లాసులతో టీ తెచ్చి, తానూ ఒకటి తీసుకొని కుర్చీలో కూర్చున్నారు.